రెండొందలతో పోతుందనుకున్న గాలం కేసు

ఆదివారం మధ్యాహ్నం తిని నడుం వాల్చానో లేదో ఫోన్ మోగింది. హలో అనేలోపే అవతలి నుంచి, "సార్, చేపలు పడితే లోపలేస్తరా?" కాజీపేటలో రైల్వే ఉద్యోగి ఆయన. అంతకు ఏడాది ముందు ఇంటి అద్దె గొడవొకటి నా దగ్గరికి తెచ్చాడు. ఆయన గొంతు వెనక పదిమంది గొంతులు. "ముందుగాల ఆ ఫోన్ గుంజుకోండ్రి" అని ఎవరో అరుస్తున్నారు.

నేను హనుమకొండ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. భూమి తగాదాలు, వారసత్వం కేసులు, మధ్యమధ్య చెక్ బౌన్సులు. గాలం కేసు అప్పటిదాకా ఒక్కటీ నా గుమ్మం తొక్కలేదు. అయితే చిన్నప్పుడు మా ఊరి తూము కాడ కంకబొంగుకు తంగూసు కట్టి, ఎర్రలు గుచ్చి జెల్లలు పట్టినవాణ్ని. లా చదివే రోజుల్లో కంటపడ్డ సెక్షనొకటి గుర్తుంది. ఆ ధీమాతో చెప్పేశాను: "ఫిషరీస్ చట్టం 1897 నాటిది. నీళ్లల్ల తోటాలు పేల్చినా, మందు కలిపినా రెండు నెలలు, లేకుంటే రెండొందల జరిమానా. నువ్వు ఏసింది గాలమే గదా. తప్పైందని చెప్పి బయటపడు."

ఆ సలహా మొదటి మాట నుంచి చివరి మాట దాకా తప్పే. ఎంత తప్పో తెలియడానికి నాకు ఒక రాత్రి, ఒక పొద్దు పట్టింది. క్లయింట్లను అడిగే ఇది రాస్తున్నాను. ఊరు, చెరువు, సొసైటీ, స్టేషన్ పేర్లు కావాలనే తీసేశాను.

ఆ రోజు జరిగింది

వెళ్లింది ముగ్గురు. రైల్వేతను, బ్యాంకులో పనిచేసే తోడల్లుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావమరిది. సరంజామా అంతా బావమరిదిదే: ఆన్‌లైన్‌లో తెప్పించిన గాలి పడవ, దానికి బిగించే బ్యాటరీ మోటారు, రెండు రాడ్లు, రీళ్లు, ఎరగా వేయడానికి డబ్బా నిండా రబ్బరు కప్పలు. కొర్రమీను వేట వీడియోలు చూసేవాళ్లకు ఆ రబ్బరు కప్ప సంగతి చెప్పనక్కర్లేదు.

చెరువు ములుగు వైపు, కాకతీయుల కాలం నాటిది. రామప్ప, లక్నవరం చూసినవాళ్లకు ఆ ఏర్పాటు తెలిసే ఉంటుంది: రెండు గుట్టల నడుమ కట్ట పోసి వాగును ఆపడం. కట్ట, తూము, మత్తడి (అలుగు) ఊరి వైపు. వెనకంతా అడవి. ఆగస్టు నెల, చెరువు నిండుగా ఉంది. కట్ట మీద జనం కనిపించడంతో వీళ్లు అడవి వైపు బండ్ల బాట పట్టి వెనక నుంచి నీళ్ల దగ్గరికి చేరారు. అక్కడే కారు ఆపి పడవకు గాలి కొట్టారు. ఇద్దరు పట్టే పడవలో ముగ్గురు ఎక్కారు. లైఫ్ జాకెట్ ఒక్కటే ఉంది. దాన్ని తొడుక్కోలేదు, రెండు మడతలు పెట్టి మెత్తగా ఉందని కింద వేసుకొని కూర్చున్నారు.

తొమ్మిదయ్యేసరికి బకెట్‌లో రెండు కొర్రమీన్లు, అయిదారు జిలేబీలు, అర కిలో దాకా తూగే ఒక బొచ్చె. అప్పుడు థర్మాకోల్ తెప్ప మీద మత్స్యకారుల సొసైటీ కావలి మనిషి వచ్చాడు. వెంటనే ఫోన్ కొట్టాడు. పావుగంటలో పదిహేను మంది.

ఇక్కడిదాకా సర్దుకునే విషయమే. సొసైటీ అధ్యక్షుడు మొదట అడిగింది పేర్లు, ఊరు. బావమరిది ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. "చెరువు గవర్నమెంటుది. పేరడగడానికి మీరెవరు?" అన్నాడు. అరగంట తర్వాత కానిస్టేబుల్ వచ్చి అడిగితే ఆయనకూ అదే జవాబు. చిన్న నేరమైతే పోలీసు వారెంటు లేకుండా అరెస్టు చేయలేడు, నిజమే. కానీ తన ఎదుట నేరం చేసినవాడు, లేదా చేశాడని ఆరోపణ వచ్చినవాడు పేరు, చిరునామా చెప్పనంటే, ఆ వివరం తేలేదాకా పట్టి ఉంచడానికి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 39వ సెక్షన్ వీలిస్తుంది. పాత సీఆర్‌పీసీలో అది 42. అంటే హక్కు అనుకొని అతను మూసిన నోరే పోలీసుకు హక్కు తెచ్చిపెట్టింది. నాకు ఫోన్ వచ్చేసరికి ముగ్గురూ పంచాయతీ ఆఫీసులో, పడవ దాని వరండాలో, బకెట్ అధ్యక్షుడి కాళ్ల దగ్గర.

యాభై వేలు జుర్మానా కట్టి పడవ తీసుకుపొమ్మన్నారు.

అది మన చట్టం కాదు

దారిలో కారు పక్కకు ఆపి, మత్స్యశాఖలో ఉద్యోగం చేసి రిటైరైన మా ఊరాయనకు ఫోన్ చేశాను. నా 1897 వాదం వినగానే నవ్వాడు. "వకీలు సాబ్, అది మనది కాదు. మొదటి సెక్షన్ చదివినవా?"

చదవలేదు. ఆ రాత్రి చదివాను. 1956 నవంబరు 1కి ముందు పార్ట్ బి రాష్ట్రాలుగా, అంటే పాత సంస్థానాలతో ఏర్పడినవాటిగా, ఉన్న ప్రాంతాలకు ఈ చట్టం వర్తించదని అందులోనే ఉంది. హైదరాబాద్ రాష్ట్రం పార్ట్ బి. మన దగ్గరున్నది నిజాం కాలంలో వచ్చిన ఫసలీ 1321 నాటి మత్స్య చట్టం, అంటే 1911-12 నాటిది. కోస్తావాళ్లు రాసిన పుస్తకం చదివి వరంగల్‌లో సలహా చెప్పానన్నమాట. పాతికేళ్ల ప్రాక్టీసు.

అయితే ఆయన అసలు చెప్పదలుచుకున్నది అది కాదు. "చట్టం తర్వాత చూద్దువు. పొద్దుగాల పోయి నక్ష చూడు. నీళ్లు ఎవరియి, చేపలు ఎవరియి, ఆ పిలగాండ్లు నిలబడ్డ గడ్డ ఎవరిది, గీ మూడు తెల్వకుంట ఏ సెక్షన్ చూస్తవ్?" పడవ సంగతి ఆయన మరిచిపోయాడు. దాన్ని కలిపితే నాలుగు.

హద్దు రాయి నీళ్ల కింద ఉంది

సోమవారం పొద్దున్నే కావలి మనిషిని బతిమిలాడి వెనక గట్టుకు వెళ్లాను. ఊరి నక్ష ఫోన్‌లో ఉంది. నక్షలో అంతా స్పష్టంగానే ఉంటుంది: చెరువు సర్వే నంబరు, దాని చుట్టూ శిఖం (చెరువు నిండితే మునిగే భూమి), శిఖం దాటాక రిజర్వు ఫారెస్టు గీత. గట్టు మీద నిలబడితే నీళ్లు, తుంగ, మోదుగ చెట్లు తప్ప గీత ఎక్కడ కనిపిస్తుంది?

"హద్దు రాయి ఏడుంది?" అన్నాను.

కావలి మనిషి చెయ్యెత్తి నీళ్ల వైపు చూపించాడు. "అగో, ఆ తుమ్మ చెట్టు ఇవతల. ఎండకాలం కనవడ్తది. ఇప్పుడు రెండు నిలువుల లోపల."

వాన బాగా పడితే చెరువు అడవిలోకి పోతుంది, హద్దు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి మన క్లయింట్లు గాలం వేసిన నీళ్లలో కొంత భాగం చెరువు, కొంత భాగం అడవి. కారు ఆపిన చోటైతే అనుమానమే లేదు, అడవే. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చేపలు పట్టడం అటవీ చట్టం కింద నేరం. అక్కడ వల, గాలం, చేప, పడవ అన్నీ నేరానికి వాడిన వస్తువుల లెక్కలోకి వస్తాయి. అదే అభయారణ్యం అయితే ఇంకా గట్టి వ్యవహారం. ప్రవేశమే 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి మీద ఉంటుంది. పాఖాల, ఏటూరునాగారం, ప్రాణహిత, మొసళ్ల కోసం కేటాయించిన శివ్వారం, ఇవి కాక కవ్వాల్ పులుల అడవి. మన ఉత్తర తెలంగాణలో మంచి నీళ్లున్న చోటల్లా దాదాపు ఇలాంటి గీత ఏదో ఒకటి ఉంటుంది. మా వాళ్ల అదృష్టం, ఆ చెరువు వెనక ఉన్నది మామూలు రిజర్వు ఫారెస్టే.

నీళ్లు ఇరిగేషన్ శాఖవి. తూము, మత్తడి, గేట్ల దగ్గర వాళ్ల మాటే చెల్లుతుంది, చెల్లాలి కూడా. 2023 జులైలో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్ల పైచిలుకు వాన కురిసింది, మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. ఆ జిల్లాల్లో మత్తడి దుంకుతుంటే దాని కింద నిలబడి గాలం వేసేవాణ్ని చూస్తే నాకు చట్టం కాదు, వాళ్లమ్మ గుర్తొస్తుంది.

చేపలు సొసైటీవి. మత్స్యకారుల సహకార సంఘానికి ఆ చెరువు లీజుకిచ్చారు. లీజు ఏడాది ఫసలీ లెక్కన జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. కొన్ని చిన్న చెరువులు పంచాయతీ కిందా ఉంటాయి కాబట్టి కాగితం అడిగి చూడాలి. ఇక్కడ కాగితం పక్కాగా ఉంది. 2016 నుంచి సర్కారు ఉచితంగా చేప పిల్లలు వదులుతోంది కదా, దానివల్ల బయటివాళ్లకు ఒక అపోహ ఏర్పడింది: పిల్లలు సర్కారువి, కాబట్టి చేపలు అందరివీ అని. పిల్లలు ఇచ్చింది సంఘాల బతుకుదెరువుకు. చిన్న చెరువుల్లో వదిలేవి 35-40 మిల్లీమీటర్లు, చిటికెన వేలంత కూడా ఉండవు. ఏడాది పొడుగునా నీళ్లుండేవాటిలో, రిజర్వాయర్లలో వదిలేవి 80-100 మిల్లీమీటర్లు. అవి పెరిగి సంతకెళ్లేదాకా సంఘం వాళ్లు రాత్రిళ్లు వంతులేసుకొని కాపలా ఉంటారు. తెల్లారుజామున మోటారు పడవలో వచ్చినవాడు వాళ్ల కళ్లకు సరదా మనిషిలా కనిపించడు.

ఎర్ర పిల్లలు

గట్టు మీద కావలి మనిషి నన్ను ఇంకో పది అడుగులు నడిపించాడు. తుంగ మధ్య మోకాలి లోతు నీళ్లు. "గీడ చూడుండ్రి సార్."

మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత పళ్లెమంత మేర నీళ్లు ఎసరు మరిగినట్టు బుడబుడలాడాయి. కిందనుంచి ఎర్రగా, నారింజ తొక్క రంగులో సన్నటి పిల్లలు, ఓ పాతిక ముప్పై, పైకొచ్చి గాలి మింగి మళ్లీ దిగిపోయాయి. కొర్రమీను పిల్లలు. అవి గుంపుగా తిరుగుతాయి. కిందనే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. గుంపు మీద ఏది పడినా అది ఎగిరి కరుస్తుంది. కప్పయినా, రబ్బరు కప్పయినా.

"నిన్న పొద్దుగాల గీ గుంపు గంపంత ఉండె," అన్నాడు. "పెద్దదాన్ని వాళ్లు గుంజిన్రు. ఇగ జిలేబీలు, జెల్లలు తినంగ మిగిలినయి గివి. రేపటికి గివి గూడ ఉండయి."

వీడియోలలో దీన్ని మెలకువ కింద చెబుతారు: ఎర్ర గుంపు కనిపించిందా, దాని నడుమ కప్ప విసిరెయ్, కచ్చితంగా పడుతుంది. పడుతుంది మరి. కొర్రమీను మన రాష్ట్ర చేప. సంతలో బొచ్చెకు వచ్చే ధరకు మూడింతలైనా పలుకుతుంది. దాన్ని ఎవరూ తెచ్చి వదల్లేదు, ఆ చెరువులో తనంతట తాను పుట్టి పెరిగేది. సొసైటీ వాళ్ల కోపం బకెట్‌లోని రెండు చేపల మీద కాదని నాకు అక్కడ అర్థమైంది. జలాశయాల్లో, నదుల్లో జులై, ఆగస్టు నెలల్లో వేట ఆపేది ఇందుకే. తేదీలు ఏ ఏడాదికా ఏడాది జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోవాలి. ఈ చెరువులో సొసైటీ వాళ్లు అదే కట్టుబాటు తమకు తాము పెట్టుకున్నారు. ఆ రెండు నెలలు వాళ్లే వల దించరు.

దొంగతనమా?

అధ్యక్షుడు స్టేషన్‌లో ఇచ్చిన దరఖాస్తులో "చేపల దొంగతనం" అని ఉంది. ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహితలో 303వ సెక్షన్. ఇక్కడ వకీలుకు కాస్త సరదా. చేప అడవి జంతువులాంటిది, నీళ్లలో తిరిగినంతసేపు ఎవరి స్వాధీనంలోనూ ఉండదన్నది పాత సూత్రం. బయటికి పోయే దారిలేని గుంటలో ఉంటే ఆ గుంట ఎవరిదో చేప వాళ్ల స్వాధీనంలో ఉన్నట్టే, పడితే దొంగతనమే. వాగుతో కలిసి పారే తెరిపి సాగునీటి చెరువులో అయితే కాదని బ్రిటిషు కాలం నుంచీ తీర్పులున్నాయి. అదే సమయంలో ఒక చోట చేపలు పట్టే హక్కు మొత్తం ఒకరికే ఉంటే, ఆ మేరకు చేప వాళ్ల స్వాధీనమే అన్న వాదనకూ బలముంది. లీజు చూపించి సొసైటీ వకీలు అదే అనేవాడు.

బావమరిదికి ఇది చెప్పగానే కళ్లు మెరిశాయి. "అయితే గెలుస్తాం కదా అన్నా!"

"గెలుస్తవు. మూడేండ్లు ములుగు కోర్టుకు తిరిగినంక. పాస్‌పోర్ట్ రెన్యువల్ ఎప్పుడు నీది?"

మాట్లాడలేదు.

నా మట్టుకు నాకు ఆ వాదన వేయడం ఇష్టం లేదు. పొద్దున చూసిన పళ్లెమంత గుంపు ఇంకా కళ్లలో ఉంది. అయితే సొసైటీ వాళ్లు చేసినదీ చట్టం కాదు. పడవ గుంజుకోవడానికి, యాభై వేలు విధించడానికి వాళ్లకు అధికారం లేదు. ఈ మాట నేను ఆ రోజు నోరెత్తి అనలేదు. అధ్యక్షుణ్ని పక్కకు పిలిచి, "కాకా, జుర్మానా అని రసీదు రాస్తే రేపు ఎవడన్నా మీ మీదనే తిప్పుతడు" అని మాత్రం చెప్పాను. ఆయన తెలివైన మనిషి, రెండోసారి చెప్పించుకోలేదు.

ఫోటో

వ్యవహారం అక్కడితో సర్దుకునేదే. మధ్యాహ్నానికి అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వచ్చాడు. కారు చక్రాల గుర్తులు చూశాడట. ముగ్గురినీ రేంజ్ ఆఫీసుకు రమ్మన్నాడు, ఫోన్లలో ఫోటోలు చూపించమన్నాడు.

బ్యాంకాయన ఫోన్‌లో ఉంది. మెత్త డిప్ప తాబేలు, మూతి పక్కన గాలం గుచ్చుకొని, రెండు చేతుల మధ్య ఎత్తి పట్టుకొని. బ్యాంకాయన నవ్వుతున్నాడు. స్టేటస్‌లో కూడా పెట్టి తీసేశాడట, మూడు గంటలసేపు ఉంది.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. చెరువుల్లో విరివిగా కనిపించే ఆ తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి ఉన్న పట్టికలో. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, పట్టబోవడం కూడా. మొదటి షెడ్యూల్ జంతువు వేటకు మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. కనీస శిక్ష రాసి ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు లేదు. "రెండొందలు" అని నేను చెప్పి అప్పటికి ఇరవై నాలుగ్గంటలు.

కాపాడింది ఆ ఫోన్లోనే ఉన్న పద్నాలుగు సెకన్ల వీడియో. రైల్వేతను తంగూసు కత్తిరించి, గాలం ముల్లును ప్లయర్‌తో వెనక్కి తిప్పి తీయడం, తాబేలు నీళ్లలోకి జారి తుంగ కిందకు ఈదుకుంటూ పోవడం అందులో ఉన్నాయి. రేంజ్ ఆఫీసర్ దాన్ని నాలుగుసార్లు చూశాడు. ముగ్గురి వాంగ్మూలాలు విడివిడిగా రాయించాడు. దొరికింది అనుకోకుండా, వదిలింది అక్కడికక్కడే, ప్రాణంతో. ఆ భాగం మీద కేసు పెట్టలేదు. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోయినందుకు అటవీ చట్టం కింద రాజీ రుసుము కట్టించుకొని రసీదు ఇచ్చాడు. రాజీ కుదిరేది అంతవరకే, ఆయన ఇచ్చిందీ అంతవరకే. వీడియో లేకపోయి ఫోటో ఒక్కటే ఉంటే ఆ సాయంత్రం ఎలా ముగిసేదో ఇప్పటికీ తలచుకోబుద్ధి కాదు.

గాలానికి తాబేలు తగిలితే గట్టుకు లాగి ఫోటో దిగకండి. నీళ్లలో ఉండగానే తంగూసు తెంపేయండి.

పడవ

ఇక గాలి పడవ. ఆదివారం సాయంత్రమే దాన్ని పంచాయతీ ఆఫీసు నుంచి స్టేషన్‌కు తెచ్చారు. పంచనామా లేదు, కేసు లేదు, స్టేషన్ వెనక టైర్ల పక్కన పడేసి ఉంది. కోర్టు పనిలో ఉన్నవాళ్లకు తెలుసు, కాగితం ఉన్న వస్తువును విడిపించడం కంటే కాగితం లేనిదాన్ని విడిపించడం కష్టం. ఎస్సైతో ఒకటే అన్నాను: పంచనామా రాసి మేజిస్ట్రేటుకు పంపండి, వస్తువు తిరిగి ఇప్పించమని నేను సురక్షా సంహిత 503 కింద పిటిషన్ వేసుకుంటాను, లేదా రసీదు మీద ఇచ్చేయండి.

ఆయన పడవ ఇవ్వడానికి అంత తొందరపడకపోవడానికి కారణం వేరే. "ఇద్దరు పట్టే దాంట్ల ముగ్గురు. జాకెట్ ఒక్కటి. అదీ కింద ఏసుకొని కూసున్నరు. మునిగితే పంచనామా నేనే రాయాలె గదా సార్." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పడవలో మా కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లూ ఉన్నారు. వరంగల్‌లో పడవ అంటే పోలీసు మనసులో మెదిలేది అదే.

చట్టం చూస్తే 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. 1917 నాటి పాతదాని స్థానంలో తెచ్చింది. నది, కాలువ, సరస్సు అన్నీ అందులోకి వస్తాయి. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ కావాలి. యంత్రం లేనివాటికి స్థానికంగా నమోదు అన్న ఏర్పాటు ఉంది. తెడ్డుతో తిరిగే గాలి పడవకూ, దానికే బ్యాటరీ మోటారు బిగించినదానికీ చట్టం దృష్టిలో తేడా ఉంటుందని నా అభిప్రాయం. మోటారు చిన్నదా, బ్యాటరీదా అన్నది నిన్ను కాపాడదు. ఇక లక్నవరంలోనో, లోయర్ మానేరులోనో పర్యాటక శాఖ పడవలు తిరుగుతున్నాయి కదా, నేనూ దించుతానంటే కుదరదు. ఆ పడవలకు అనుమతులున్నాయి.

అయిదు వారాల తర్వాత రసీదు మీద పడవ ఇచ్చారు. మోటారు వద్దని బావమరిదే అమ్మేశాడు.

సొసైటీతో ఒప్పందం

ఆ వారమే సొసైటీ ఆఫీసులో కూర్చున్నాం. ఒకటే గది, గోడకు పాత వల, బల్ల మీద రసీదు పుస్తకం. ముగ్గురూ క్షమాపణ కాగితం రాసిచ్చారు. బకెట్ చేపలను సొసైటీ తూకం వేసి, సొసైటీ రేటు కట్టి, "చేపల ధర" అని రసీదు రాసింది. జుర్మానా అన్న మాట ఎక్కడా లేదు. సంతలో కొంటే అంతకు సగంలో వచ్చేవి అని బ్యాంకాయన గొణిగాడు. అందరికీ వినిపించింది, ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు రైల్వేతను ఒక మాట అడిగాడు. మళ్లీ రావచ్చా అని. గదిలో కాసేపు నిశ్శబ్దం.

"పడవల రారాదు," అన్నాడు అధ్యక్షుడు చివరికి. "మేం తెప్పల మీద పోయి సస్తే అయిదు లక్షల బీమా ఉంది. నీకేముంది బిడ్డా?" కేంద్రం తెచ్చిన మత్స్య సంపద పథకం కింద నమోదైన మత్స్యకారులకు ఉన్న ప్రమాద బీమా సంగతి అది. ఆయన దాన్ని జోకులా అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు.

చివరికి కుదిరింది ఇది. లీజు కాగితంలో సబ్-లీజు కూడదన్న షరతు ఉంది కాబట్టి చేపలు పట్టే హక్కును సొసైటీ ఎవరికీ అమ్మలేదు, రోజువారీ రుసుము పెట్టకూడదని నేనే ఆపాను. దాని బదులు, సంఘం సభ్యుడు పక్కనుండగా కట్ట మీది నుంచి మాత్రమే గాలం వేయొచ్చు. పట్టింది ఇంటికి తీసుకుపోతే సొసైటీ రేటుకు కొన్నట్టు. వదిలేస్తే లెక్కే లేదు. జులై, ఆగస్టుల్లో రావద్దు. ఎర్ర గుంపు కనిపించిన చోట కప్ప విసరొద్దు. అర కిలోకు తక్కువ బొచ్చె, రవ్వ వెనక్కి. సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాసి, ఒక ప్రతి జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం.

ఇది ఆ ఒక్క చెరువుకే. ఎస్సారెస్పీ, కడెం, ఎల్లంపల్లి లాంటి పెద్ద జలాశయాల్లో లైసెన్సు పద్ధతి వేరు, అది శాఖ ఇచ్చేది. వేరే దేశాల వీడియోల్లో చూసినట్టు ఒక కార్డు కొనుక్కొని రాష్ట్రమంతా తిరగడం ఇక్కడ కుదరదు. ఒక చెరువు కట్ట దిగి పక్క చెరువు కట్ట ఎక్కితే మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే. ఈ మధ్య నాకు ఇలాంటి ఫోన్లు పెరిగాయి, ఆ రైల్వేతను పుణ్యం. ఫోన్ చేసినవాళ్లను నేనిప్పుడు సెక్షన్ల గురించి మాట్లాడనివ్వను. ఎక్కడ నిలబడి ఉన్నావు, లొకేషన్ పంపు అంటాను. చాలాసార్లు అక్కడే కథ తేలిపోతుంది. మొన్నొకాయన పంపిన చుక్క పాఖాల అభయారణ్యం నడుమ ఉంది. గాలం ఇంకా సంచిలోనే ఉందట, కారెక్కించి వెనక్కి పంపాను.

నవంబరులో ఒక ఆదివారం నేనూ ఆ కట్టకు వెళ్లాను. ముగ్గురూ ఉన్నారు, మాటకు కట్టుబడి కట్ట మీదే. ఒప్పందం కుదిరినందుకు వాళ్లు సొసైటీకి నాలుగు లైఫ్ జాకెట్లు కొనిచ్చారని అధ్యక్షుడు చెప్పాడు. తెప్పల మీద పోయేవాళ్లు తొడుక్కోవాలని. కావలి మనిషి దగ్గర ఒకటి కనిపించింది. తూము పక్కన రాయి మీద దాన్ని రెండు మడతలు పెట్టి వేసుకొని, దాని మీద కూర్చొని, బీడీ కాలుస్తూ వీళ్ల గాలాల వైపు చూస్తున్నాడు.